పొగతోటలో తొమ్మిది రోజులు: మెదడులో రక్తస్రావానికి అందిన వైద్యం గురించి

నెల్లూరు పొగతోటలో మా అన్నయ్యకు వైద్యం చేసిన ఆసుపత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. దానికి ముందు కావలిలో చూపించిన చోటు పేరూ రాయను. మెదడులో రక్తనాళం చిట్లిన మనిషిని తీసుకెళ్ళినప్పుడు మంచి ఆసుపత్రి ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఆ తొమ్మిది రోజులూ నేను అక్కడే ఉన్నాను. ఇరవై నాలుగేళ్ళుగా కావలిలో మందుల షాపు నడుపుతున్నవాణ్ణి కాబట్టి ప్రతి చీటీ, ప్రతి సీసా పేరు చదివాను.

అన్నయ్యకు అరవై ఒకటి. అల్లూరు వైపు రొయ్యల చెరువులు. బీపీ మాత్ర నా షాపు నుంచే వెళ్ళేది. గత డిసెంబరుకు ముందు మూడు నెలలుగా అడగలేదు, నేనూ పంపలేదు. బాగానే ఉంది కదా అని మానేశాడట. ఆ రోజు తెల్లవారుజామున 5.40కి గట్టు మీద నిలబడి మేత తిన్నాయో లేదో చూద్దామని చెక్ ట్రే తాడు లాగబోతే కుడి చెయ్యి తాడును పట్టుకోలేదు. తాడు జారిపోయింది. వంగి మళ్ళీ పట్టుకోబోయి కూర్చుండిపోయాడు. కాపలా ఉన్న కుర్రవాడు పరుగున వచ్చేసరికి మాట ముద్దముద్దగా వస్తోంది, మూతి ఒక పక్కకు లాగింది, రెండుసార్లు వాంతి అయింది. టైం ఎంతో ఫోనులో చూసి గుర్తుపెట్టుకున్నాడా అబ్బాయి. ఆ 5.40 అన్న ఒక్క అంకె తర్వాత ప్రతి డాక్టరూ అడిగారు.

కావలిలో ముందు తీసుకెళ్ళిన చోట పక్షవాతం అనగానే ఆస్పిరిన్ నలిపి నోట్లో పోయమన్నారు. స్కాన్ తీశాక వేద్దామని చెయ్యి అడ్డం పెట్టాను. పక్షవాతంలో రెండు రకాలు ఉంటాయి: రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోవడం, నాళం చిట్లి రక్తం కారడం. చెయ్యి పడిపోవడం, మాట తడబడటం రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి. పైకి చూసి ఏ రకమో చెప్పడం ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా సాధ్యం కాదు, స్కాన్ మాత్రమే చెప్పగలదు. ఒకదానికి ఇచ్చే మందు రెండోదానికి విషం. 7.15కి స్కాన్ వచ్చింది. ఎడమ వైపు మెదడు లోతట్టున తెల్లటి మచ్చ. రక్తం.

స్కాన్ చూశాక వాళ్ళ తీరు పూర్తిగా అటు తిరిగింది. ట్రానెగ్జామిక్ ఆసిడ్ ఒక గ్రాము సూది వేసి, "రక్తం గడ్డకట్టే ఇంజెక్షన్ ఇచ్చేశాం, ఇక ఆగిపోతుంది, రెండు రోజులు ఇక్కడే ఉంచండి" అన్నారు. బీపీ 210/120 ఉంది. దాని కోసం ఏమీ మొదలుపెట్టలేదు. నెల్లూరు తీసుకెళతాను అన్నప్పుడు కాగితాలు చేతికి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల గురించి నాకు ఇప్పటికీ కోపం ఉంది.

నిజం చెప్పాలంటే ఆ సూది వేశారని విన్నప్పుడు నాకూ ధైర్యం వచ్చింది. ఆ మందు నాకు కొత్తది కాదు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైన ఆడవాళ్ళకు, పన్ను తీయించుకున్నాక రక్తం ఆగని వాళ్ళకు డాక్టర్లు రాస్తే వారానికి ఎన్ని స్ట్రిప్పులు ఇస్తానో లెక్కలేదు. జపాన్‌లో ఒకామోటో దంపతులు 1962లో ప్రకటించిన మందు. ప్రసవంలో రక్తస్రావానికి, ప్రమాదాల్లో గాయపడినవాళ్ళకు ప్రాణం నిలబెట్టిన మందు. కడుపులోనో కాలిలోనో ఆపిన రక్తాన్ని మెదడులో మాత్రం ఎందుకు ఆపదు? అంబులెన్స్‌లో అన్నయ్య తల కింద చెయ్యి పెట్టుకుని కోవూరు దాటి పెన్నా వంతెన ఎక్కేదాకా నాకున్న ఆలోచన ఇదొక్కటే: ఒక గ్రాము పడింది, రెండో గ్రాము డ్రిప్‌లో వేయించాలి, కుదిరితే ఇంతకన్నా బలమైనది వేయించాలి.

పొగతోట ఆసుపత్రిలో 9.20కి లోపలికి తీసుకున్నారు. అడ్వాన్సు సంగతి, పేరు నమోదు సంగతి తర్వాత చూసుకోవచ్చని ముందు మంచం మీదకు చేర్చారు. నరాల డాక్టరుగారు పది నిమిషాల్లో వచ్చారు. ఆయన చేసిన మొదటి పని నాకు కళ్ళకు కట్టినట్టుంది. కావలి ఫిల్మును వెలుగుపెట్టెకు తగిలించి, జేబులోంచి చిన్న ప్లాస్టిక్ స్కేలు తీశారు. మచ్చ అన్నిటికన్నా పెద్దగా కనిపించే చిత్రం వెతికి, నిలువు కొలిచారు, అడ్డం కొలిచారు, అది ఎన్ని ముక్కల్లో కనిపిస్తోందో వేలితో లెక్కపెట్టారు. నాలుగు, మూడు, మూడు సెంటీమీటర్లు. హెచ్చవేసి సగం చేసి ఫిల్ము కవరు మీద పెన్సిలుతో 18 అని రాశారు. పద్దెనిమిది మిల్లీలీటర్లు. మా షాపులో దగ్గుమందుతో ఇచ్చే మూతకు రెండు మూతల కంటే తక్కువ. అంత కొంచెం రక్తం ఆరడుగుల మనిషిని ఒక పక్కన పడేసింది.

"ఇది ఇప్పుడున్న లెక్క. దీన్ని ఇక్కడే ఆపడం మన పని. ఇలాంటివాళ్ళలో సుమారు మూడో వంతు మందికి మొదటి గంటల్లోనే ఈ మచ్చ ఇంకా పెరుగుతుంది" అన్నారు.

నేను వెంటనే అడిగాను. ట్రానెగ్జామిక్ రెండో డోసు వేస్తారా, లేకపోతే ఫ్యాక్టర్ సెవెన్ ఉంది కదా, రక్తం గడ్డకట్టని హిమోఫిలియా జబ్బువాళ్ళకు వేసేది, చెన్నై నుంచి సాయంత్రానికల్లా తెప్పిస్తాను, ఎంతైనా పర్వాలేదు అన్నాను. షాపువాణ్ణని కూడా చెప్పాను.

ఆయన విసుక్కోలేదు. బయట పదిమంది ఉన్నా అక్కడే నిలబడి చెప్పారు. ఈ ఆసుపత్రికి నేను ఇచ్చే మార్కుల్లో సగం ఆ ఐదు నిమిషాలకే. ఆయన చెప్పినదాన్ని ఆ రాత్రి ఐసీయూ బయట కూర్చుని నేనూ చదివి చూసుకున్నాను, అందుకే అంకెలతో సహా రాస్తున్నాను.

ఫ్యాక్టర్ సెవెన్ మీద 2005లో పెద్ద ఆశ పుట్టింది. మెదడులో రక్తస్రావమైన 399 మంది మీద పరీక్షిస్తే, మందు పడినవాళ్ళలో రక్తం మచ్చ తక్కువగా పెరిగింది. మూడు నెలల్లో చనిపోయినవాళ్ళు మందు లేని గుంపులో 29 శాతం ఉంటే మందు పడిన గుంపుల్లో 18 శాతమే. వింటే ఎవరికైనా ఇదే కావాలి అనిపిస్తుంది. అదే బృందం 841 మందితో ఇంకా పెద్ద పరీక్ష చేసి 2008లో ఫలితాలు చెప్పింది. ఈసారి కూడా మచ్చ పెరగడం తగ్గింది. కానీ మూడు నెలల తర్వాత చనిపోయినవాళ్ళనూ తీవ్రంగా మంచాన పడినవాళ్ళనూ కలిపి చూస్తే మందు లేనివాళ్ళలో 24 శాతం, తక్కువ డోసులో 26 శాతం, ఎక్కువ డోసులో 29 శాతం. లాభమే లేదు. పైగా ఎక్కువ డోసు వేసుకున్నవాళ్ళలో గుండెపోటు వంటి, ధమనుల్లో గడ్డకట్టే ఇబ్బందులు 9 శాతం, మందు లేనివాళ్ళలో 4 శాతం.

"మచ్చ తగ్గితే మనిషి ఎందుకు బాగుపడడు సార్?" అని అడిగాను. ఫలితం కంటే కారణమే నాకు ముఖ్యం అనిపించింది.

ఆయన చెప్పినది నా మాటల్లో రాస్తాను. చాలామందికి ఆసుపత్రికి చేరేసరికే రక్తం కారడం దానంతటదే ఆగిపోయి ఉంటుంది. ఆగిపోయిన రక్తానికి గడ్డకట్టే మందు చేసేది ఏమీ ఉండదు. పెరిగేది ఆ మూడో వంతు మందికే, వాళ్ళెవరో ముందుగా గుర్తించడం కష్టం. అందరికీ వేస్తే, అక్కర లేని రెండు వంతుల మందికి గుండెలోనో కాలిలోనో గడ్డకట్టే ప్రమాదం అంటగట్టినట్టే. ఇంకొకటి, మొదటి నిమిషాల్లో రక్తం చొచ్చుకుపోయినప్పుడే ఆ చోటి నరాల దారులు తెగిపోతాయి. తర్వాత రెండు మిల్లీలీటర్లు తక్కువ కారినంత మాత్రాన తెగినవి అతుక్కోవు.

ట్రానెగ్జామిక్ సంగతి కొంచెం వేరు. దాన్ని గడ్డకట్టించే మందు అంటాం కానీ అది గడ్డను తయారుచేయదు, శరీరం కట్టుకున్న గడ్డను కరిగిపోకుండా కాపాడుతుంది. అందుకే ఫ్యాక్టర్ సెవెన్ అంత భయం దానితో లేదు. పన్నెండు దేశాల్లో 2325 మందికి, పక్షవాతం వచ్చిన ఎనిమిది గంటల లోపు ఇచ్చి చూసి 2018లో ఫలితాలు ప్రకటించారు. మొదటి గ్రాము పది నిమిషాల్లో, రెండో గ్రాము ఎనిమిది గంటల డ్రిప్‌లో, నేను అంబులెన్స్‌లో అనుకున్న లెక్క ప్రకారమే. మొదటి వారంలో చావులు కొద్దిగా తగ్గాయి, 11 శాతం నుంచి 9 శాతానికి. తొంభై రోజుల దగ్గర చూస్తే రెండు గుంపులూ దాదాపు ఒకటే. "కావలిలో వేసినదానివల్ల నష్టమేమీ జరగలేదు. రెండోది నేను వేయను. మీ అన్నయ్యకు ఇప్పుడు అన్నిటికన్నా అవసరమైనది వేరే ఉంది" అని మానిటరు వైపు చూపించారు. బీపీ 206.

ఆ 206ను 140కి దించడమే ఇక్కడ అసలు వైద్యం. సిరంజి పంపులో లాబెటలాల్ పెట్టి, ప్రతి ఐదు నిమిషాలకూ బీపీ చూస్తూ వేగం పెంచుతూ తగ్గిస్తూ ఒక సిస్టర్ మంచం పక్కనే నిలబడింది. కూర్చోలేదు. 9.35కి మొదలుపెట్టారు. 10.25కి 138. ఒక్కసారిగా కిందికి పడేయకుండా, 130 కంటే దిగకుండా చూశారు. కావలిలో ఏడున్నరకే ఈ పని మొదలై ఉంటే రెండు గంటలు కలిసివచ్చేవి.

మా వదిన ఇదంతా తలుపు దగ్గర నిలబడి వింటోంది. గడ్డకట్టే మందు వద్దన్నారని ఆమెకు బెంగ. బీపీ సంగతి నేను విడమరచి చెప్పబోతుంటే, "గట్టుకు గండి పడితే మట్టి తట్ట ఎత్తేముందు మోటారు ఆపుతాం కదా నాయనా, అంతే కదా ఆయన చెప్పేది" అంది. చెరువుకు నీళ్ళు తోడే మోటారు నడుస్తుండగా గండిలో ఎంత మట్టి పోసినా నిలవదు. ముప్పై ఏళ్ళు చెరువు గట్ల మీద గడిపిన మనిషి కాబట్టి నాకంటే ముందు ఆమెకు అర్థమైంది.

ఒక్క బీపీతోనే సరిపెట్టలేదు. షుగరు గంటగంటకూ చూశారు, జ్వరం 37.5 దాటనివ్వలేదు. ఇలా బీపీ, షుగరు, జ్వరం, రక్తం పలచబడటం, ఈ నాలుగింటినీ మొదటి గంటల్లోనే కట్టకట్టి అదుపు చేసే పద్ధతిని మన దేశంతో సహా పది దేశాల్లో 7036 మంది మీద పరీక్షించారు. 2023లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత కోలుకున్న తీరు ఈ పద్ధతి పాటించిన చోట మెరుగ్గా ఉంది. ఖరీదైన సూది చేయలేనిది నా షాపులో దొరికే మామూలు మందులు, కళ్ళార్పకుండా చూసుకునే సిస్టర్లు చేశారు. ఆ రాత్రి ఇది చదివినప్పుడు ఐసీయూ తలుపు అద్దంలోంచి పంపు మీద వెలుగుతున్న పచ్చ దీపాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

గడ్డకట్టే మందు ఎక్కడా పనికిరాదని ఎవరూ అనుకోకూడదు. రెండో రోజు పక్క మంచానికి ఉదయగిరి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. గుండెలో లోహపు కవాటం వేయించుకుని పదకొండేళ్ళుగా రక్తం పలచబరిచే ఎసిట్రోమ్ మాత్ర వాడుతోందట. ఆమెకూ మెదడులోనే రక్తస్రావం. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ 4.6, ఉండాల్సినదానికంటే ఎక్కువ. ఇలాంటివాళ్ళలో రక్తం కారడం దానంతటది సులువుగా ఆగదు, ఎందుకంటే గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్లనే ఆ మాత్ర తగ్గించేసి ఉంటుంది. ఆమెకు ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా విటమిన్ కె సూది, దానితోపాటు ప్రోత్రాంబిన్ కాంప్లెక్స్ ఇచ్చారు. విటమిన్ కె పని చేయాలంటే కాలేయం కొత్త ఫ్యాక్టర్లు తయారుచేసుకోవాలి, దానికి గంటలు పడుతుంది. ప్రోత్రాంబిన్ కాంప్లెక్స్‌లో ఆ ఫ్యాక్టర్లు తయారుగానే ఉంటాయి, నిమిషాల్లో పని చేస్తుంది. నాకు ఇవ్వనన్న డాక్టరే ఆమెకు పరుగెత్తించి ఇప్పించారు. ఆసుపత్రి ఫ్రిజ్‌లో అది నిల్వ ఉంచడం ఈ ఊరికి చిన్న విషయం కాదు. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్ళు ఇంట్లో ఉంటే, ఏ ఆసుపత్రిలో ఇది దొరుకుతుందో ఇవాళే ఫోను చేసి కనుక్కుని పెట్టుకోండి.

కావలిలో నేను అడ్డం పెట్టిన ఆస్పిరిన్ సంగతి కూడా డాక్టరుగారితో చెప్పాను. అది లోపలికి పోయి ఉంటే ప్లేట్‌లెట్లు ఎక్కించి సరిచేయవచ్చా అని అడిగితే, ఆ దారి కూడా మూసుకుపోయిందన్నారు. ఆస్పిరిన్ వంటివి వాడుతూ మెదడులో రక్తస్రావమైన 190 మందితో చేసిన పరీక్షలో, ప్లేట్‌లెట్లు ఎక్కించినవాళ్ళ పరిస్థితి ఎక్కించనివాళ్ళకంటే పాడైందట. 2016 నాటి మాట. నాకు చేతులు చల్లబడ్డాయి.

నర్సింగ్ గురించి ఎంత రాసినా తక్కువే. మొదటి రోజంతా అన్నయ్య నోట్లో నీటి చుక్క పోయనివ్వలేదు. రెండో రోజు ఉదయం ఒక సిస్టర్ అతణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొద్దిగా నీళ్ళు పోసి, గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి మింగేటప్పుడు కదలిక చూసింది. దగ్గు వస్తుందేమోనని ఒక నిమిషం ఆగింది. మళ్ళీ చెంచా. మూడోసారికి తలూపి, మెత్తటి అన్నం పెట్టవచ్చంది. మింగుడు సరిగా లేకుండా నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. కావలిలో నలిపి పోయమన్న మాత్ర ఆ లెక్కన రెండు విధాల తప్పు.

కాళ్ళకు గాలి నిండి వదిలే తొడుగులు వేశారు. మడమ నుంచి తొడ దాకా ఉండే ఆ తొడుగు నిమిషానికొకసారి నెమ్మదిగా బిగుసుకుని వదులవుతుంది. కదలకుండా పడుకున్న కాలిలో రక్తం గడ్డకట్టకుండా అది చూస్తుంది. మెదడులో రక్తం కారుతున్న మనిషికే కాలిలో గడ్డకట్టే ముప్పు! ఆ తొడుగు మీద చెయ్యి పెట్టి చూసినప్పుడు, నేను చెన్నై నుంచి తెప్పిస్తానన్న మందు ఈ కాలికి ఏం చేసి ఉండేదో తట్టింది.

మరుసటి రోజు పొద్దున్నే రెండో స్కాన్. మళ్ళీ అదే స్కేలు. పంతొమ్మిదిన్నర. ఆగింది.

ఇక లోటుపాట్లు. రోగితో వచ్చినవాళ్ళు కూర్చునే హాలు చాలా చిన్నది, ముప్పైమందికి పన్నెండు కుర్చీలు. రాత్రిళ్ళు వదిన మెట్ల మీద కొంగు పరచుకుని పడుకుంది. మరుగుదొడ్డి శుభ్రత మధ్యాహ్నం తర్వాత అధ్వానం. బిల్లు 2,86,000 రూపాయలు అయింది, దాని మీద నాకు వాదన లేదు, కానీ మందులన్నీ ఒకే మొత్తంగా చూపించారు. ఏ మందు ఎన్ని, ఏ ధరకు అని విడదీసి ఇమ్మంటే రెండు గంటలు తిప్పారు. నేను షాపువాణ్ణి కాబట్టి పట్టుబట్టి తీసుకున్నాను, ఉదయగిరి పెద్దావిడ కొడుకు అడగలేకపోయాడు. అందరికీ అడగకుండానే ఇవ్వాలి. అన్నిటికన్నా పెద్ద లోటు ఇంటికి పంపేటప్పుడు కనిపించింది. ఫిజియోథెరపీ రెండో రోజు నుంచే మొదలుపెట్టినవాళ్ళు, ఇంటి దగ్గర ఎవరు చేస్తారు, ఎక్కడికి వెళ్ళాలి అన్నది ఒక కాగితం మీద రాసి ఇవ్వలేదు. వ్యాయామాల బొమ్మలున్న ఒక జిరాక్స్ చేతిలో పెట్టి పంపేశారు. కావలిలో మనిషిని వెతుక్కోవడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. కోలుకోవడంలో మొదటి వారాలు ఎంత విలువైనవో వాళ్ళే చెప్పారు, ఆ వారాల్లోనే మమ్మల్ని దారి చూపకుండా వదిలేశారు.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటీ ఆ చివరి కాగితానికి.

ఇప్పటికి మూడు నెలలు. అన్నయ్య చేతికర్రతో గట్టు మీద నడుస్తున్నాడు. మాట తొంభై పాళ్ళు వచ్చింది. కుడిచేత్తో స్టీలు గ్లాసు ఎత్తి నోటి దాకా తెచ్చుకుంటాడు, సగం నిండి ఉంటేనే. బీపీ మాత్రను రోజూ రాత్రి తొమ్మిదికి వదిన చేత్తో ఇచ్చి, మింగాక ఫోను చేస్తుంది. నా కౌంటరు దగ్గర గోడకు ఒక నోటుపుస్తకం వేలాడదీశాను. బీపీ మాత్రలకు క్రమంగా వచ్చేవాళ్ళ పేర్లు అందులో ఉన్నాయి. నెల దాటి ఐదు రోజులైనా రానివాళ్ళకు నేనే ఫోను చేస్తున్నాను. నిన్నటికి నలభై మూడు మంది.